అన్న మనసు

డాక్టర్ లక్ష్మణ్‌రావు ఇంటి నాలుగో మెట్టు మీదే దేవకి ఆగిపోయింది. నిరుడు కొండగట్టు మెట్లన్నీ ఎక్కిన మనిషి, ఇప్పుడు కాళ్లు వాచి, రాత్రుళ్లు కూర్చునే నిద్రపోతోంది.

"హైదరాబాద్‌ల ఇంకో డాక్టర్‌కు చూపెట్టుమని నాలుగు నెలల నుంచి అంటున్న," అంది ఆయాసపడుతూ.

"అనంగనే పోతమా? అన్న గోలీలు రాస్తనే ఉన్నడు గద. చెప్పకుండ పోతే మనసు నొచ్చుకుంటడు. రేపు మనింట్ల పెండ్లయితే వస్తడా?" అన్నాడు భర్త ప్రేమ్‌సాగర్‌రావు.

అన్న అలగకుండా ఆయన మామిడిపండ్ల బుట్ట కూడా మోసుకొచ్చాడు. భార్య గుండె వాల్వు ఎంత పాడైందో తెలియదు గాని, పెద్దమ్మ కొడుకైన ఈ డాక్టరన్న మనసు ఎంత సుకుమారమో ఆయనకు బాగా తెలుసు.

కాంపౌండర్ కొండల్ తలుపు తీశాడు.

"సారు లేరు దొరా. హైదరాబాద్ పోయిండ్రు."

"ఎందుకు?"

"వారం కింద జర ఛాతీల మంట లేసింది. ఈడ ఇద్దరు డాక్టర్లకు చూపెట్టుకున్నరు. ఇద్దరూ గ్యాసే అన్నరు. అయినా గుండెతోని ఆటలొద్దని, ఆడ పెద్ద డాక్టర్‌ను గూడ అడుగుదామని పొద్దున్నే ఒక్కరే బస్సెక్కిండ్రు."

ప్రేమ్‌సాగర్‌రావు బుట్టను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

దేవకి నవ్వబోతే దగ్గొచ్చింది. దగ్గు ఆగాక మెట్లు దిగడం మొదలుపెట్టింది.

"యాడికి?"

"బస్టాండుకు. బావగారు హైదరాబాద్‌ల ఒక్కరే ఉన్నరంట. మనం పోయి పలకరించకపోతే మనసు నొచ్చుకోరా?"