చేతివాసి

“సార్, మీ చేత్తో ఏది నాటినా పూస్తుంది. నా చేతిలో నాలుగు గులాబీలు చచ్చిపోయాయి. నాకు చేతివాసి లేదంటారు మా అత్తగారు. నిజమేనా?”

టీవీలో తోటపని కార్యక్రమం లైవ్‌గా నడుస్తోంది. ఫోన్లో అడుగుతున్నది ఒక ప్రేక్షకురాలు. ఎరువు, ఎండ, ఓపిక అనే జవాబు వ్యాఖ్యాత నాలుక చివరే ఉంది. పదిహేనేళ్ళుగా చెప్పీ చెప్పీ ఆయనకే విసుగొచ్చిన మాటలవి.

“నవ్వుతూ ఏదో ఒకటి చెప్పి ఫోన్ పెట్టెయ్యండి,” అని చెవిలోని ఇయర్‌ఫోన్లో డైరెక్టరమ్మ తొందరపెట్టింది. “జనానికి పువ్వులు కావాలి, ఏడుపులు కాదు.”

ఆయన పక్కనున్న కుండీ వైపు చూశాడు. విరగబూసిన ఆ గులాబీ పొద్దున్నే నర్సరీ నుంచి వచ్చింది.

“ఇది నేను పెంచింది కాదమ్మా,” అన్నాడు. “నేను నాటింది పోయిన నెలలోనే ఎండిపోయింది. అంతకు ముందుదీ అంతే.”

ఇక ఈ ఉద్యోగానికి నీళ్ళొదులుకున్నట్టేనని ఆయన అనుకున్నాడు.

“అయితే మీక్కూడా చచ్చిపోతాయా!” ఫోన్లో ఆమె గొంతులో ఉన్నది ఏడుపో నవ్వో తెలియలేదు. “ఒక్క క్షణం ఉండండి సార్, టీవీ సౌండు పెంచుతాను. అత్తయ్యా, ఇలా రండి! ఆఁ, ఇప్పుడు మళ్ళీ చెప్పండి.”

ఆయన మళ్ళీ చెప్పాడు, ఈసారి నిదానంగా.