ఒక్క పిల్ల బాక్సు

"ఏం సార్, మా వంట మీ అమ్మాయికి సయించదా?" బడి వంటమ్మ గరిటె దించకుండానే అడిగింది.

పాప మరిచిపోయిన లంచ్ బాక్సు ఇవ్వడానికి వెళ్లాను. మా చిన్నప్పుడు బళ్లో చల్లారిన బాక్సే గతి. ఇక్కడ పిల్లలంతా వేడివేడిగా తింటున్నారు.

"ఇలా ఎప్పటినుంచి పెడుతున్నారమ్మా?"

"బళ్లు తెరిచినప్పటినుంచీ. ఇంటినుంచి తెచ్చుకునేది మీ పిల్లొక్కతే."

ఆ సంగతే తెలియని తండ్రిని. తల్లి లేని పిల్ల నాతో చెప్పడానికి జంకిందేమో అనుకున్నాను. పొద్దునే నేను మాడ్చిన కూర ఆ బాక్సులోనే ఉంది.

సాయంత్రం ఇంటికి నడుస్తూ అన్నాను. "రేపటినుంచి బళ్లోనే తినమ్మా. అందరూ అక్కడే తింటున్నారుగా."

"వద్దు నాన్నా. నాకు బాక్సే కావాలి."

"నా వంట అంత బాగుంటుందేమిటే?"

"ఛీ, అస్సలు బాగోదు!" పకపకా నవ్వింది.

"మరెందుకు?"

నవ్వు ఆపి, నా వేలు పట్టుకుంది.

"అమ్మ పోయాక సెలవులన్నీ నువ్వు మంచం దిగనేలేదు. బాక్సు కట్టాలి కాబట్టే ఇప్పుడు పొద్దున్నే లేస్తున్నావు."