బోర్డుతో ఫోటో

ఓల్డ్ సెటిల్‌మెంట్ రైల్వే క్వార్టర్ల గోడలకు సొంత బోర్డులు కట్టకూడదు. తనిఖీకి వచ్చిన ఇన్‌స్పెక్టర్ ప్రేమ్‌కుమార్‌కు నూకాలమ్మ ముందుగా ఇడ్లీలు పెట్టింది. అతను చట్నీ మళ్లీ వేయించుకున్నాడు.

“బోర్డు తీసెయ్ పిన్నీ, సాలు.”

ఆవిడ ప్రాణం కుదుటపడింది. ‘ఇచ్చట ఇడ్లీ దొరకును’ అని రాసిన రేకును తనే విప్పి దించింది.

“తీసేసినట్టు ఫోటో కావాల. పట్టుకుని నిలబడు.”

నూకాలమ్మ కొంగు సర్దుకుంది. రేకును గుండెలకు ఆనించుకుని, గుమ్మం మీది క్వార్టర్ నంబరు కింద నిలబడి నవ్వింది.

అతను ఫోటో చూసుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

“క్వార్టర్లో యాపారం సేస్తే ఖాళీ సేయిస్తారు పిన్నీ. గోడ మీదుంటే, ఎవులు కట్టినారో తెలీదనీదానివి. ఇప్పుడు నీ సేతిలోనే ఉంది.”