పొగ ఆపే సీసా

"ఆ సీసా కొనకు నాయనా."

కౌంటరు మీది సీసా వైపు చెయ్యి చాచిన టాక్సీ డ్రైవరు ఆగిపోయాడు.

కౌంటరు వెనక వగ్దీ కళ్లు మూసుకుని తెరిచాడు. ఈ వారంలో ఇది మూడోసారి. అదే ముసలాయన, అదే బూడిదరంగు కోటు, అదే చేతిసంచీ.

"ఎందుకు కొనకూడదు హాజీ? ఇంజన్లో పోస్తే పొగ ఆగుతుందట కదా," అన్నాడు డ్రైవరు.

"ఆగుతుంది. మందు కలిస్తే నూనె చిక్కబడుతుంది. పొగ కొన్నాళ్లు దాక్కుంటుంది. అరిగిన పిస్టన్ రింగులు అరిగినట్టే ఉంటాయి. ఈ డబ్బుతో వేళకి నూనె మార్చుకో, చాలు."

డ్రైవరు సీసా వదిలేసి, మామూలు నూనె డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

సీసా మీద మిగిలేది డబ్బా మీద మిగిలేదానికి నాలుగింతలు. అలెగ్జాండ్రియా ట్రాము వీధిలో ఇరవై ఏళ్లుగా నూనె అమ్ముతున్న వగ్దీకి ఆ తేడా తెలియడానికి కాగితం అక్కర్లేదు.

"ఎదురుకొట్టువాడు రోజుకెంత ఇస్తున్నాడు హాజీ?"

"నన్నెవరూ పంపలేదు నాయనా. శుక్రవారం కార్ల సంతలో ఒక బండి గురించి అడిగితే నీ కొట్టు చెప్పారు. నా పేరు ఫహ్మీ బదావీ. నీతో ఐదు నిమిషాలు..."

"మీ ఐదు నిమిషాలకి నాకు ముగ్గురు బేరగాళ్లు పోయారు. మీ పేరుతో నాకేం పని? అదిగో టీకొట్టు. అక్కడ కూర్చుని లోకాన్ని బాగుచేయండి."

ముసలాయన సంచీ సర్దుకుని వెళ్లిపోయాడు.

వగ్దీకి అసలే మనసు బాగోలేదు. నెలాఖరుకు కొట్టు ఖాళీ చేయాలి. ఓనరు అందులో సెల్‌ఫోన్ల దుకాణం పెడుతున్నాడు. వెనకాల సామాను పట్టే పాత స్టేషన్ వ్యాగన్ ఒకటి కొని, దమన్‌హూర్ వైపు ఊళ్లలో గ్యారేజీలకి తిరిగి నూనె అమ్మాలని అతని ఆలోచన. ఇకమీదట బండే కొట్టు. అందుకే భార్య గాజులు అమ్మాడు. బండి నడిస్తేనే ఇల్లు నడుస్తుంది.

మర్నాడు బ్రోకరు షెహాతా బండి తెచ్చి కొట్టు ముందు ఆపాడు.

ఇంజను గొంతు మెత్తగా ఉంది. షెహాతా పొగగొట్టానికి తెల్ల రుమాలు అడ్డంపెట్టాడు. మచ్చ పడలేదు.

"చూశావా? పెళ్లికూతురి రుమాలులా ఉంది," అన్నాడు.

వగ్దీ తనే నూనె కొలిచే పుల్ల బయటికి లాగి చూశాడు. నూనె నిండుగా ఉంది, బంగారం రంగులో ఉంది.

"ఆ పుల్ల ఒకసారి ఇలా ఇవ్వు నాయనా."

మళ్లీ ముసలాయన. షెహాతా సిగరెట్లు తెచ్చుకుంటానని టీకొట్టు వెనక్కి జారుకున్నాడు.

ముసలాయన నూనెచుక్కను రెండు వేళ్ల మధ్య రుద్దాడు. వేళ్లు విడదీస్తే సన్నటి తీగ సాగింది.

"ఇది ఒట్టి నూనె కాదు. ఈ బండి సంగతి నాకు..."

"నూనె సంగతి నాకు చెప్తావా? ఓ ఫహ్మీ బదావీ గారూ, ఇరవై ఏళ్లుగా నేను అమ్మేది నూనే, గులాబీ అత్తరు కాదు. నీకు ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోతే అది నా తప్పా? బేరం మధ్యలోకి వస్తావేం? నడువు."

విసురుగా తోసిన చెయ్యి తగిలి ముసలాయన కళ్లజోడు కిందపడింది.

ఆయన వంగి తీసుకుని, కోటు అంచుతో తుడిచి పెట్టుకున్నాడు.

"ఆ నూనె మొత్తం దింపించు. కొత్తది పోయించి, రెండురోజులు నడిపి, అప్పుడు తీసుకో. అంతే."

వెళ్తూ బానెట్ మీద అరచెయ్యి ఒకసారి ఆనించాడు.

"పీడ వదిలింది," అన్నాడు వగ్దీ.

మధ్యాహ్నానికల్లా నోటరీ దగ్గర పని అయిపోయింది. ఆ వీధిలో పాత కారు కొన్నవాడెవడూ బండి లైసెన్సు తన పేరుకి మార్చుకోడు. అమ్మినవాడు పవర్ ఆఫ్ అటార్నీ రాసిస్తే చాలు. కారు నాలుగు చేతులు మారినా లైసెన్సులో పాతపేరే ఉంటుంది. దాన్ని చదివే తీరిక ఎవరికీ ఉండదు. వగ్దీ కూడా నంబరు ప్లేటు సరిచూసుకుని, లైసెన్సును డాష్‌బోర్డు అరలో పడేశాడు.

పన్నెండో రోజున దమన్‌హూర్ రోడ్డు మీద, వెనక నలభై డబ్బాలతో, బండి నీలంపొగ కక్కింది. తర్వాత సుత్తితో కొట్టినట్టు చప్పుడు. తర్వాత అదీ లేదు.

తాడుకట్టి లాక్కొచ్చిన బండి కింద దూరి, మెకానిక్కు బస్యూనీ నూనె దింపాడు. అది కారలేదు, సాగింది.

"నల్లతేనెలా ఉంది. నువ్వుల తహీనా కలిపి రొట్టెలో నంజుకోవచ్చు," అన్నాడు బయటికి వచ్చి. "రింగులు ఎప్పుడో పోయాయి వగ్దీ. పొగ కనపడకుండా మందు పోసి నీకు అంటగట్టారు."

"ఏ మందు ఉస్తాద్?"

బస్యూనీ చేతులు తుడుచుకుంటూ అతనివైపు జాలిగా చూశాడు.

"నీ కొట్లో ముందు వరుసలో ఉండేదే."

పోయిన నెల షెహాతా రెండు సీసాలు కొనుక్కెళ్లాడు. తెలిసినవాడని వగ్దీ ధర తగ్గించి మరీ ఇచ్చాడు. ఏ బండికి అని అడగలేదు.

వగ్దీ ఎన్నిసార్లు చేసినా షెహాతా ఫోను మోగలేదు.

"తుక్కువాళ్ల దగ్గర దీనికి సరిపోయే ఇంజను ఉందేమో చూద్దాం. లైసెన్సు తియ్యి, ఇంజను నంబరు చెప్పు," అన్నాడు బస్యూనీ పెన్సిలు చెవి మీంచి తీస్తూ.

వగ్దీ అరలోంచి లైసెన్సు తీసి మొదటిసారి చదివాడు.

నంబరు పైన, యజమాని పేరు ఉండేచోట, ఫహ్మీ బదావీ అని ఉంది.