కుడి వైపు ఖాళీ

బేస్‌బాల్ బంతి కుడివైపు మైదానంలో పడి కంచె దాకా దొర్లిపోయింది. పక్క ఊరి జట్టులో ఒక్కడూ దాని వెంట పరుగెత్తలేదు.

"చూశావా తల్లీ, అటు మనిషిని నిలబెట్టడానికి కూడా బద్ధకమే వీళ్లకి," అన్నాడు సిప్రియానో కూతురితో. మైదానం వైపు తిరిగి, "ఒరేయ్, మంచాలు తెప్పించమంటారా? పడుకుందురుగాని," అని అరిచాడు.

యుదెల్కా నవ్వలేదు. ఆ చోట నిలబడే ఫ్రాన్యెల్ కోసమే తను ఆటకు వస్తుందని నాన్నకు తెలియదు. అతనితో ఇంతవరకు ఒక్క మాటా మాట్లాడలేదు. ఇవాళ ఎలాగైనా మాట్లాడాలనుకుంది.

బంతి కొట్టిన తమ ఊరి కుర్రాడు ఇంకా పరుగెత్తే వీలున్నా మొదటి బేస్ దగ్గరే ఆగి టోపీ తీశాడు.

"వీడికీ ఆ రోగమే అంటుకుందా?" అన్నాడు సిప్రియానో.

ముందు వరుసలో కూర్చున్న పక్క ఊరి ముసలమ్మ వెనక్కి తిరిగింది.

"నిన్న చెరకు లారీ గుద్ది మా ఫ్రాన్యెల్ చనిపోయాడు నాయనా. మొదటి ఇన్నింగ్స్ అయ్యేదాకా వాడి చోట ఎవరూ నిలబడరు. మీవాళ్లూ సరేనన్నారు."

సిప్రియానో టోపీ తీశాడు. "తప్పయిపోయిందమ్మా."

కాసేపటికి కూతురి ముఖం చూసి మెల్లగా అడిగాడు. "నీకు తెలుసా తల్లీ, ఆ అబ్బాయి?"

"తెలియదు నాన్నా," అంది యుదెల్కా.

అబద్ధమాడానని అనుకుంది. ఆలోచిస్తే, అది నిజమే.