ఎద్దు పాటకు అర్థం

అమెరికాలోని అరోరా తెలుగు సంఘంలో ఒక రూలుంది. తెలుగు కాని పాట పాడాలంటే దాని అర్థం తెలుగులో రాసి కమిటీకి ఇవ్వాలి. పదహారేళ్ల కృతి ఇచ్చింది. పాడబోయేది స్పానిష్ పాట. ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ కొట్టి తెచ్చిన అర్థం మూడే ముక్కలు: "ఎద్దు పోరాటం. ఎర్ర గుడ్డ. నేను లొంగను."

అధ్యక్షులు సూర్యప్రకాశరావు ఆ కాగితం పక్కన పడేశారు.

"ఎద్దును పొడిచి చంపే పాటా? ఉగాది స్టేజీ మీదా? నందికి దండం పెట్టేవాళ్లమమ్మా మనం. క్యాన్సిల్!"

"అంకుల్, ఇట్స్ అబౌట్ నాట్ గివింగ్ అప్. త్రీ మంత్స్ ప్రాక్టీస్ చేశాను," అంది కృతి.

"ఎవరు గివప్ చేయరు?"

కృతి నోరు తెరిచేలోపే వెనక కుర్చీలోంచి లీలావతి అందుకుంది.

"ఎద్దు."

అందరూ వెనక్కి తిరిగారు. తొమ్మిదేళ్లుగా కమిటీలో ఉన్నా లీలావతిని వాళ్లు అడిగేది పులిహోర ఎన్ని ట్రేలు కావాలనే. పోయినేడు ఆవిడ పాటనూ ఇలాగే ఒక్క మాటతో కొట్టేశారు. ఆ మంట ఇంకా చల్లారలేదు. ఈ పిల్ల పాటను మాత్రం పోనిచ్చేది లేదు.

"అవునవును, మీరు మెక్సికన్ల డెంటల్ క్లినిక్‌లో రిసెప్షన్ కదా! పద్దెనిమిదేళ్లట! స్పానిష్ కొట్టినపిండే అయ్యుంటుంది!" రావు గారు కుర్చీలో ముందుకు జరిగారు. "లైన్ బై లైన్ చెప్పండి, విందాం."

లీలావతి కృతి ఫోన్ తీసుకుని పాట పెట్టింది. ఒక్కో లైను దగ్గర ఆపింది.

"నన్ను ఎండలోకి తోలి, వెనక తలుపు మూసేశారు, అంటోంది ఎద్దు."

మళ్లీ ప్లే.

"నేను పడిపోతే చప్పట్లు కొడదామని కూర్చున్నారు. నన్నడక్కుండానే నా సంగతి తేల్చేశారు."

మళ్లీ ప్లే. ఈసారి ఆవిడ గొంతు పెరిగింది. చూపు రావు గారి మీదే ఉంది.

"మీరు గుడ్డ ఊపినప్పుడల్లా గుండ్రంగా తిరగడానికి నేను రాలేదు. కొమ్ములు నాకూ ఉన్నాయి. చస్తే చస్తాను గానీ మోకాళ్ల మీద మాత్రం కూర్చోను!"

కృతి కళ్లింతలు చేసుకుని ఆవిడనే చూస్తోంది.

రావు గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "సాక్షాత్తూ నందీశ్వరుడే మాట్లాడినట్టుందండీ! అమ్మాయ్, నీదే ఫస్ట్ ఐటమ్. ఈ అర్థం లీలావతి గారే స్టేజీ ఎక్కి చదవాలి."

"చదువుతాను," అంది లీలావతి తడుముకోకుండా.

పార్కింగ్ లాట్‌లో కృతి పరుగున వచ్చి వాటేసుకుంది. "థాంక్యూ ఆంటీ! బట్ ఆ సాంగ్‌లో..."

"ఇంటికెళ్లి ప్రాక్టీస్ చెయ్యి," అంటూ కారెక్కింది లీలావతి.

స్పానిష్‌లో ఆవిడకు వచ్చినవి రెండే మాటలు: కూర్చోండి, డాక్టరు గారు వస్తున్నారు.