రంగడి పరీక్ష

కడప మైదానం గేటు దగ్గర భూపేష్ కారు దిగాడు. వెనకే రంగడు దిగాడు. జర్మన్ షెపర్డుకు రంగడేమిటని అడక్కూడదు, అది భూపేష్ వాళ్ళమ్మ నాగలక్ష్మమ్మ పెట్టిన పేరు.

ఆ రోజు కుక్కల పోటీలు. చెప్పిన మాట వినాలి, దొంగను పట్టుకోవాలి, వదలమనగానే వదలాలి, కొత్తవాళ్ళ దగ్గర కుదురుగా ఉండాలి. ఏ ఒక్కటి తప్పినా సర్టిఫికెట్టు రాదు.

పోయిన నెల రంగడు పాలాయన మీదికి ఎగబడ్డాడు.

"సర్టిఫికెట్టు తెస్తే ఇంట్లో ఉంటాది. ల్యాకుంటే బనగానపల్లె తోటలో గొలుసేసి కట్టేస్తా," అన్నాడు తండ్రి శ్రీనివాసులు.

ఆయన అన్నాడంటే చేస్తాడు. చిన్నప్పట్నుంచీ తన మంచం కింద పడుకున్న కుక్కను మామిడితోటలో గొలుసుకు కట్టేస్తే భూపేష్ చూడలేడు.

గేటు దాటగానే వెలిసిన చొక్కా, భుజాన తువ్వాలుతో ఒక ముసలాయన ఎదురొచ్చాడు.

"బాగుండావా అప్పా? ఏ ఊరు మీది?" అంటూ చేయి చాపాడు.

భూపేష్ ఆ చేతి వంక చూశాడు. తమ ఊరు కమలాపురంలో ఇట్లాంటి మనుషులు వాళ్ళింటికొస్తే వాకిట్లో నిలబడి దండం పెడతారు. చేయి చాపరు.

తన చేయి జేబులో పెట్టుకున్నాడు.

"దూరం, దూరం! కుక్క ఉండేది కనపడల్యా?" అని రంగడి మెడబెల్టు గట్టిగా గుంజాడు.

అంతదాకా బుద్ధిగా కూర్చున్న రంగడు గుర్రుమని ఎగిరి తువ్వాలు పట్టుకున్నాడు.

ముసలాయన బెదరలేదు. మెల్లగా తువ్వాలు విడిపించుకున్నాడు.

"కుక్క మంచిదేలే అప్పా," అని పక్కకు వెళ్ళిపోయాడు.

"యాడ్నుంచొస్తారో!" అని విసుక్కున్నాడు భూపేష్.

మైదానంలో రంగడు అదరగొట్టాడు. కూర్చోమంటే కూర్చున్నాడు. మందపాటి తొడుగేసుకున్న దొంగ వేషగాడి చేయి ఒడిసిపట్టి, "వదులు" అనగానే వదిలాడు. జనం ఈలలు వేశారు. భూపేష్‌కు సంతోషంతో కళ్ళు చెమర్చాయి.

ఆగలేక ఇంటికి ఫోన్ చేశాడు. "మా, రంగడు యాడికీ పోడు. నాయనకు చెప్పు!"

పోటీలు నడిపిస్తున్న క్రాంతి కుమార్ దగ్గరికి పరుగెత్తాడు.

"సార్, కొత్తవాళ్ళ పరీక్ష ఒక్కటే మిగిలుండాది. ఎప్పుడు పెడతారు?"

"అది పొద్దున్నే అయిపాయ గదప్పా. చెప్పి పెట్టం దాన్ని. మీది తప్పింది."

"మా రంగని దగ్గరికి ఎవరూ రాల్యా సార్!" అన్నాడు భూపేష్.

"వచ్చినాడు. కుక్కది తప్పు కాదు, ఇంకొక్కసారి చూడండని లాజరన్న మీ కోసం శానాసేపు బతిమాలినాడు. జడ్జి ఒప్పుకోల్యా."

"లాజరన్న ఎవరు సార్? నాకు తెలీదే!"

క్రాంతి కుమార్ గేటు వైపు చూపించాడు.

"పొద్దున నీకు చేయి చాపితే నువ్వు పట్టుకోల్యా, ఆ పెద్దాయనే, కొత్త మనిషిగా ప్రతి కుక్క దగ్గరికీ మేం పంపించేది ఆయన్నే."